రాగి చెంబుది కాదు తప్పు: కణపొర వాహకాలపై అపోహలు, వాస్తవాలు

ప్రతి కణం చుట్టూ కొవ్వుతో ఏర్పడిన పలుచని పొర ఉంటుంది. గ్లూకోజ్, లోహాలు, లవణాలు దాన్ని వాటంతట అవి దాటలేవు కనుక, పొరలో ఇమిడి ఉన్న వాహక ప్రోటీన్లు వాటిని లోపలికో వెలుపలికో చేరవేస్తాయి. బెంగళూరులో పిల్లల నరాల వైద్యురాలిగా, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చే కుటుంబాల నోట నేను తరచుగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రక్తంలో గ్లూకోజ్ సరిగా ఉంటే మెదడుకూ సరిగా అందుతున్నట్లే.

వాస్తవం: రక్తంలో ఉండటం వేరు, మెదడుకు చేరడం వేరు. రక్తనాళాల గోడ దాటించి గ్లూకోజ్‌ను మెదడుకు అందించే పని ప్రధానంగా గ్లూట్-1 అనే వాహకానిది. దాని జన్యువులో లోపముంటే నెలల పసిబిడ్డకే ఫిట్స్ మొదలుకావచ్చు, మాటా నడకా ఆలస్యం కావచ్చు, రక్తంలో గ్లూకోజ్ మాత్రం మామూలుగానే ఉంటుంది. 1991లో తొలిసారి వర్ణించిన ఈ జబ్బును బయటపెట్టేది వెన్ను నీటి (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) పరీక్ష. ఆ నీటిలో గ్లూకోజ్ తక్కువగా ఉంటుంది. వెన్నులో సూది అనగానే తల్లిదండ్రులు భయపడటం సహజమే. అయినా అనుమానం ఉన్నప్పుడు నేను పట్టుబడతాను, ఎందుకంటే ఈ ఫిట్స్‌కు మామూలు మందులకన్నా కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థాలు బాగా తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారమే మేలు చేస్తుంది. కొవ్వు నుంచి తయారయ్యే కీటోన్లు వేరే వాహకం ద్వారా మెదడుకు చేరి, గ్లూకోజ్‌కు బదులు ఇంధనమవుతాయి. అన్నం, సంకటి మీద నడిచే ఇళ్ళలో ఇది తేలిక కాదు. ఆహార నిపుణుల పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టకూడదు.

అపోహ: మూత్రంలో చక్కెర కనిపిస్తే షుగర్ ముదిరినట్లే.

వాస్తవం: ఇది పిల్లల వెంట వచ్చే తాతయ్యల ప్రశ్న. మూత్రపిండాలు వడపోసిన గ్లూకోజ్‌లో దాదాపు 90 శాతాన్ని ఎస్‌జీఎల్‌టీ-2 అనే వాహకం తిరిగి రక్తంలోకి చేరుస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు దాన్నే అడ్డుకుంటాయి కాబట్టి, అవి వేసుకునేవారి మూత్రంలో చక్కెర కనిపించడం సహజం.

అపోహ: రాగి చెంబులో నీళ్ళు తాగడం వల్లే విల్సన్ జబ్బు వస్తుంది.

వాస్తవం: చెంబులో నీళ్ళు తాగించినందుకు తమను తామే నిందించుకునే నాయనమ్మలను చూస్తే మనసు చివుక్కుమంటుంది. కాలేయంలో మిగులు రాగిని పైత్యరసంలోకి పంపే వాహకం ఏటీపీ7బీ. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చిన బిడ్డలో, ఏ పాత్రలో తాగినా సరే, రోజూ తినే తిండిలోని రాగే కాలేయంలోనూ, మెదడులోనూ, కంటి నల్లగుడ్డు అంచునా పేరుకుంటుంది. విల్సన్ జబ్బు అంటే ఇదే. (జబ్బు తేలాక రాగి పాత్రలు పక్కన పెట్టమంటాము, అది వేరే సంగతి.) మేనరికపు పెళ్ళిళ్ళలో ఈ అవకాశం పెరుగుతుంది. చేతిరాత చెడిపోవడం, మాట ముద్దగా రావడం, కారణం తెలియని కామెర్లు కనిపిస్తే దీన్ని గుర్తుంచుకోవాలి. పెనిసిలమిన్, జింక్ వంటి మందులు జీవితాంతం వాడాలి. కోలుకున్నామని మానేస్తే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది కనుక, ఏ లక్షణమూ లేకపోయినా వారిని కూడా పరీక్షకు తీసుకురమ్మని ఆ మొదటి రోజే చెబుతాను.