ఆవు తోలు, బుజ్జి మోకాలు

విశాఖపట్నం,
ఆదివారం పొద్దున్న

చిరంజీవులు చిన్నాకీ, బుజ్జికీ తాతయ్య దీవించి రాసేది. ఉభయకుశలోపరి.

బుజ్జీ, ఆర్కే బీచ్ రాళ్లమీద జారిపడి మోకాలు గీరుకున్నావు కదా, పక్కు రాలిందా? కూర్చున్నచోటల్లా గిల్లుతున్నావని మీ అమ్మ ఫోన్లో మొత్తుకుంది. చిన్నా, ఆ ఫోన్లోనే నువ్వో ప్రశ్న వేశావు. "ఎలక పుండు మాన్పిన మందు బుజ్జి మోకాలికి ఎందుకు పనిచెయ్యకపోవచ్చు తాతా?" అని. వెనక మామ్మ టీవీ గోలలో ఏదో ఒకటి చెప్పేశాను. అది సరైన జవాబు కాదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆవు సంగతి చెప్తాను. బీచ్ రోడ్డు పక్కన పడుకుని నెమరేసే ఆవుల్ని చూశారుగా. డొక్కమీద ఈగ వాలితే ఆవు ఒక్కోసారి తల తిప్పదు, తోకా ఎత్తదు. ఈగ ఉన్న చోట తోలు మాత్రం జలదరిస్తుంది. ఈగ లేచిపోతుంది. మీ చేతిమీద చీమ పాకుతున్నప్పుడు చెయ్యి కదపకుండా ఉత్త చర్మాన్ని వణికించండి చూద్దాం. కుదరదు! ఆవుకీ, కుక్కకీ, ఎలక్కీ చర్మం అడుగున పల్చటి కండ పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. మనకది దాదాపు పోయింది. మెడ ముందువైపు కాస్త మిగిలింది. అద్దం ముందు పళ్లు బిగించి కింది పెదవిని కిందకి లాగితే మెడమీద తాళ్లలా లేస్తుందే, అదే.

ఎలకకి గాయమైతే ఈ కండ పొర సాయంతో అంచులు దగ్గరకి వచ్చేస్తాయి, సంచి మూతికి తాడు బిగించినట్టు. ఎలక చర్మం వదులు కూడాను, లాగితే వస్తుంది. మనది కింది కొవ్వుకి గట్టిగా అతుక్కుని ఉంటుంది. మనకి లోతుగా తెగితే అడుగునుంచి కొత్త కండ నిండాలి, అంచుల నుంచి కొత్త చర్మం పాకుతూ రావాలి. బుజ్జికి తగిలినట్టు పైపైన గీరుకుంటే వెంట్రుకల మొదళ్ల నుంచి కూడా వస్తుంది. ఆ పనంతా పక్కు కింద చాటుగా జరుగుతుంది. గిల్లొద్దనేది అందుకే.

ఇప్పుడు చెప్పు చిన్నా, మందు రాసిన ఎలకకి గాయం మూసుకుపోతే ఆ గొప్ప మందుదా, కండదా? ఈ చిక్కు తెలిశాక శాస్త్రవేత్తలు ఎలక గాయం చుట్టూ సిలికాన్ రింగు పెట్టి కుట్టడం మొదలుపెట్టారు. అంచులు దగ్గరకి రాలేవు కాబట్టి ఎలక కూడా మనలాగే కొత్త కండ, కొత్త చర్మం పుట్టించుకోవాలి. నేను మాత్రం ఉద్యోగం చేసినన్నాళ్లూ బోర్డు మీద 'క్షీరదాల చర్మం' అని ఒకే బొమ్మ వేసి, ఎలక్కీ మనిషికీ కలిపి పాఠం చెప్పేశాను. ఎలక పైచర్మంలో కణాల వరసలు రెండో మూడో, మనకి అంతకంటే ఎక్కువ అని ఒక్క పిల్లాడికీ చెప్పలేదు.

మరి ఎలకే ఎందుకంటావా? చవక. పిల్లల్ని గబగబా పెడుతుంది. ఒక్కో జన్యువునీ మార్చి ఏమవుతుందో చూడొచ్చు. వాటిలో బొచ్చులేని ఎలక ఒకటుంది, 1960ల్లో గ్లాస్గోలో బయటపడింది. పరాయివాటిని ఎదిరించే కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి దానికి ఉండదు, అందుకని పరాయి చర్మాన్ని తోసిపుచ్చలేదు. మనిషి చర్మం ముక్క అతికిస్తే దాని వీపుమీద బతుకుతుంది.

పైకి చూస్తే మనకి దగ్గర చర్మం పందిది. పల్చటి వెంట్రుకలు, మందం, కొవ్వుకి అతుక్కోవడం అన్నీ మనలాగే. కాలిన గాయాల మీద తాత్కాలికంగా పంది చర్మం కప్పే పద్ధతి కూడా ఉంది. కానీ మన విశాఖ ఉక్కపోత గురించి దాన్ని అడిగి లాభం లేదు. మనకి ఒంటినిండా 20 నుంచి 40 లక్షల దాకా చెమట గ్రంథులు. పందికి ఒళ్లు చల్లబరిచే చెమట పట్టదు, బురదలో పొర్లాల్సిందే. ఎలకకైతే అలాంటి గ్రంథులు పాదాల అడుగున మాత్రమే. ఏ జంతువైనా ఒక్క విషయంలో మనకి చుట్టం, ఇంకోదాంట్లో పరాయిది. ఏం తెలుసుకోవాలో తేలాకే ఏ జంతువో తేలుతుంది.

దీనికి నాకు బాగా నచ్చే కథ కుష్ఠుది. నా చిన్నప్పుడు సింహాచలం మెట్లకి రెండు పక్కలా కుష్ఠు రోగులు వేళ్లు అరిగిపోయిన చేతులు చాపి కూర్చునేవారు. మా అమ్మ నన్ను పక్కకి లాగి నడిపించేది. కుష్ఠు తెచ్చే సూక్ష్మజీవిని నార్వే డాక్టరు హాన్సెన్ 1873లోనే చూశాడు, కానీ ఈనాటికీ దాన్ని గాజు పళ్లెంలో పెంచడం ఎవరివల్లా కాలేదు. దానికి చల్లటి చోటు కావాలి. మనిషిలో కూడా చేతులు, కాళ్లు, ముక్కు, చెవులు పట్టుకునేది అందుకే. 1960లో షెపర్డ్ అనే ఆయన ఎలక పాదంలోకి ఎక్కించి చూశాడు. అక్కడ పెరిగింది! ఆ తర్వాత ఏ మందు దాన్ని ఆపుతుందో ఎలక పాదాల్లోనే చూశారు. 1971లో అది అర్మడిల్లోలో కూడా పెరుగుతుందని తేలింది. అర్మడిల్లో అంటే అమెరికాలో ఉండే పెంకుల జంతువు. దాని ఒళ్లే చల్లన, కాబట్టి ఒళ్లంతా పెరిగింది. చర్మం పోలికలో అర్మడిల్లో మనకి ఏమీ కాదు. దాని ఒంటి చల్లదనమే కావాల్సివచ్చింది.

బుజ్జీ, నువ్వు అడగబోయేది నాకు తెలుసు. వాటికి నొప్పెయ్యదా అని. వేస్తుంది. నా చేతుల్తో ఎన్నో కప్పల్ని కోశాను, ఆ క్లోరోఫాం వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. వాటిలో చాలా వరకు అనవసరం, ఒక బొమ్మతో తేలిపోయేవి. క్రీముల కోసం, సబ్బుల కోసం జంతువుల మీద పరీక్షలు చెయ్యడాన్ని మన దేశం 2014లో ఆపేసింది, మంచి పని. కుష్ఠు మందు కోసం వాడిన ఎలకల్ని మాత్రం నేను వద్దనలేను, సింహాచలం మెట్లు చూశాను కాబట్టి. 1975లో మనిషి చర్మ కణాల్ని పళ్లెంలో పెంచడం రీన్‌వాల్డ్, గ్రీన్ అనే శాస్త్రవేత్తలు సాధించారు, జంతువుల అవసరం కొంత తగ్గడానికి అదో దారి. తమాషా ఏంటంటే, ఆ కణాలు పెరగడానికి అడుగున పరిచింది ఎలక కణాల్నే.

వేసవికి వచ్చినప్పుడు ఒక పని చేద్దాం. ఆవు ఒంటిమీద ఏ భాగంలో తోలు వణుకుతుందో, తోక ఎంతవరకు అందుతుందో చూసి నోటుబుక్కులో బొమ్మ వేద్దాం. తోక అందని భుజాల దగ్గరే ఎక్కువ వణుకుతుందని నా అనుమానం. మామ్మ మాత్రం, పొద్దెక్కాక ఎండలో తిరిగితే ఆవుతోపాటు నన్నూ అక్కడే వదిలేస్తానంది.

ఇట్లు,
మీ తాతయ్య