మిగిలిన పిండాలు, పాత ప్రశ్నలు

ఐవీఎఫ్ చికిత్సకు వెళ్ళిన దంపతులు సంతకం చేయవలసిన కాగితాల్లో ఒకటి మిగిలిన పిండాల గురించి ఉంటుంది. ప్రయోగశాలలో తయారైన పిండాల్లో ఒకటో రెండో గర్భసంచిలోకి వెళ్తాయి. మిగిలితే గడ్డకట్టించి దాస్తారు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఆ నిల్వ 10 ఏళ్ళకు మించకూడదు. గడువు తీరాక వాటిని నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి.

భీమవరంలోనో రాజమహేంద్రవరంలోనో ఆ కాగితం మీద సంతకం చేసిన క్రైస్తవ భార్యాభర్తలు ఆదివారం గుడికి వెళ్తారు. అక్కడ బైబిలులోని 139వ కీర్తన చదువుతారు: "నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను." కాగితంలో ఉన్నదీ గ్రంథంలో ఉన్నదీ ఒకటే మాట. సంతానం కోసం ప్రార్థన చేయమని పాస్టరు గారిని అడిగే దంపతులు ఆ కాగితం సంగతి ఎత్తరు. ఆయనా అడగరు. ఈ మౌనం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. ఎందుకంటే ఇది ఎవరూ ఆలోచించని విషయం కాదు. పందొమ్మిది వందల ఏళ్ళుగా క్రైస్తవ సంఘం దీని మీద తర్జనభర్జన పడుతూనే ఉంది. ఆ చర్చలో కొంత మన గోదావరి డెల్టా ఆసుపత్రుల కాన్పు గదుల దాకా వచ్చింది.

1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో బ్రదరెన్ సంఘాలకు పునాది వేశారు. 1840లలో రాజమండ్రిలో లూథరన్ మిషన్ మొదలైంది. 1874లో కాకినాడ కేంద్రంగా కెనడా బాప్టిస్టులు పని ప్రారంభించారు. కతోలికులకు ఏలూరు మేత్రాసనం (బిషప్పు పాలనలోని ప్రాంతం) 1976లో ఏర్పడింది. మొదట వచ్చినవాళ్ళు సువార్త, బడులు తెచ్చారు. వైద్యం తర్వాత వచ్చింది, అదీ ఎక్కువగా ఆడవాళ్ళ కోసం. మగ వైద్యుడికి చెయ్యి చూపించడానికి కూడా ఒప్పుకోని ఇళ్ళలో కాన్పు కష్టమైతే మంత్రసాని చేయగలిగినంత చేసేది, ఆ పైన దేవుడే దిక్కు. అందుకే మిషన్ సంఘాలు ఆడ వైద్యులను పంపాయి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. రాజమండ్రిలో డాక్టర్ లిడియా వోర్నర్ కృషితో 1911లో లూథరన్ ఆసుపత్రి వెలసింది. నరసాపురం, ఆకివీడు, పిఠాపురం మిషన్ ఆసుపత్రులు కూడా పురుళ్ళతోనే జనానికి దగ్గరయ్యాయి. మా ప్రాంతంలో క్రైస్తవులు కాని ఇళ్ళలో సైతం "మా నాన్న మిషన్ ఆసుపత్రిలో పుట్టాడు" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ కాన్పు గదుల్లోనే అసలు ప్రశ్న ఎదురైంది. బిడ్డ అడ్డం తిరిగింది, లేదా తల పట్టడం లేదు. రెండు రోజులు నొప్పులు పడిన తల్లిని ఎడ్లబండిలోనో పడవలోనో తెచ్చారు. సిజేరియన్ ఇంకా ప్రమాదకరంగా ఉన్న కాలం అది. రక్తం ఎక్కించే వీలు లేదు, యాంటీబయాటిక్స్ లేవు. బిడ్డ తలను చిదిమి బయటికి తీస్తే తల్లి బతుకుతుంది, లేకుంటే ఇద్దరూ పోతారు. ఈ పరిస్థితి కొత్తది కాదు. రెండో శతాబ్దం చివర్లో, మూడో శతాబ్దం మొదట్లో రాసిన క్రైస్తవ పండితుడు తెర్తుల్లియను అలాంటి శస్త్రచికిత్సకు వాడే కొక్కేన్ని, కత్తిని వర్ణించి, దాన్ని "అవసరమైన క్రూరత్వం" అన్నాడు. గర్భస్రావాన్ని హత్యగా ఖండించిన మనిషే ఆయన. ఆ వాక్యంలో ఆయన గొంతు కాస్త తడబడినట్టు నాకు అనిపిస్తుంది.

1884లో రోములోని మతసిద్ధాంత కార్యాలయం ఈ శస్త్రచికిత్స సరైనదని కతోలిక పాఠశాలల్లో బోధించడం క్షేమం కాదని తేల్చి చెప్పింది. బతికున్న బిడ్డను నేరుగా చంపడం తల్లిని కాపాడటానికైనా తగదన్నది దాని వాదం. ప్రొటెస్టెంటు వైద్యుల్లో ఎక్కువమంది తల్లి ప్రాణమే ముందని నమ్మారు. సిద్ధాంతాలు ఇలా వేరుపడినా రెండు వర్గాలవాళ్ళూ తల్లినీ బిడ్డనూ ఒకేసారి దక్కించుకునే దారి కోసమే పాకులాడారు. సిజేరియన్ క్షేమకరమయ్యాక ఆ చిక్కు చాలావరకు తీరింది. దాన్ని తీర్చింది వైద్యం, వాదం కాదు.

ఇక పిండం ఎప్పటినుంచి మనిషి అనే ప్రశ్న. అంతా నిర్గమకాండము 21వ అధ్యాయంలో ఒక వచనం దగ్గర మొదలవుతుంది. మన తెలుగు బైబిలులో "గర్భవతియైన స్త్రీకి దెబ్బతగిలి ఆమెకు గర్భపాతమేగాక మరి ఏ హానియు రానియెడల" నష్టపరిహారం కట్టాలని ఉంది. అంటే ఇక్కడ హాని తల్లికి సంబంధించినది. అదే వచనాన్ని క్రీస్తుకు పూర్వం అలెగ్జాండ్రియాలో గ్రీకులోకి మార్చినప్పుడు అర్థం వేరుగా వచ్చింది: బిడ్డకు ఆకారం ఏర్పడకపోతే జరిమానా, ఏర్పడి ఉంటే ప్రాణానికి ప్రాణం. కొన్ని ఆధునిక అనువాదాల్లో బిడ్డ నెలలు నిండకుండా పుట్టడం అని ఉంటుంది. ఒక్క వచనం మూడు దారులు పట్టింది. ప్రసంగ వేదిక మీద ఒకటే దారి ఉన్నట్టు చెప్పడం వాక్యానికి న్యాయం కాదు.

గ్రీకు పాఠాన్ని అనుసరించి తొలినాటి సంఘ పండితుడు అగస్టీను ఆకారం ఏర్పడిన పిండానికీ ఏర్పడనిదానికీ తేడా చూశాడు. నాలుగో శతాబ్దంలోనే బిషప్పు బాసిలు అలాంటి సూక్ష్మ విచారణ మాకు అక్కర్లేదని రాశాడు. పదమూడో శతాబ్దంలో కతోలిక పండితుడు అక్వినాసు అరిస్టాటిలును అనుసరించి బుద్ధిగల ఆత్మ తర్వాతి దశలో వస్తుందన్నాడు. అరిస్టాటిలు లెక్క మగబిడ్డకు 40 రోజులు, ఆడబిడ్డకు 90. (ఆడబిడ్డ అక్కడా ఆలస్యంగానే లెక్కకు వచ్చింది.) 1588లో పోపు ఐదో సిక్స్తుస్ గర్భస్రావం ఏ దశలో చేసినా హత్యతో సమానమైన శిక్ష అన్నాడు. మూడేళ్ళకే పద్నాలుగో గ్రెగరీ ఆ తీవ్రతను సడలించాడు. 1869లో తొమ్మిదో పయస్ ఆ తేడాను తిరిగి తొలగించాడు. ప్రొటెస్టెంటుల్లో సంస్కర్త కాల్విను మాట బలమైనది: పొలంలో కంటే సొంత ఇంట్లో మనిషిని చంపడం ఎక్కువ ఘోరం, గర్భం బిడ్డకు ఇల్లు.

ఇక్కడ ఒక పొరపాటు జరగకూడదు. దశల గురించి తేడా చూసినవాళ్ళెవరూ కడుపు తీయించుకోవడాన్ని చిన్న విషయంగా చూడలేదు. తొలి శతాబ్దాల క్రైస్తవ బోధనా గ్రంథం దిదఖే దాన్ని సూటిగా నిషేధించింది. పాపమా కాదా అన్నది కాదు, ఎంత పాపం, ఏ ప్రాయశ్చిత్తం అన్నదే వాళ్ళ వివాదం. తెర్తుల్లియనే ఇంకోచోట పండంతా విత్తనంలోనే ఉందన్నాడు. డెల్టా రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. నారుమడిని పంట అని అతను అనడు, అలాగని అందులోకి పశువును దిగనివ్వడు.

ఇరవయ్యో శతాబ్దంలో సంఘాలు బాహాటంగా విడిపోయింది కుటుంబ నియంత్రణ దగ్గర. 1930లో ఆంగ్లికను బిషప్పుల లాంబెత్ సమావేశం కొన్ని షరతులతో దాన్ని అంగీకరించింది. అదే ఏడాది చివరి రోజున పోపు పదకొండో పయస్ దాన్ని ఖండిస్తూ లేఖ విడుదల చేశారు. 1968 జూలై 25న పోపు ఆరో పాల్ లేఖ 'హ్యూమనే వీటే' ఆ నిషేధాన్ని ఖాయం చేసింది. మన దగ్గర ఆచరణ వేరే దారిన పోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురు పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవారే. కతోలిక ఇళ్ళు ఇందుకు మినహాయింపు అని డెల్టాలో ఎవరూ అనుకోరు. ఫాదరు గారికి తెలుసు, సిస్టరమ్మలకూ తెలుసు. ఆ విషయం ఎవరూ నోరు విప్పి మాట్లాడలేదు. ఇప్పటి మౌనం అప్పుడే అలవాటైందని నా నమ్మకం.

1971 గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆ ఏడాది జూన్‌లో అమెరికా దక్షిణ బాప్టిస్టుల మహాసభ అత్యాచారం, వరుస తప్పిన గర్భం, పిండానికి తీవ్ర వైకల్యం, తల్లి ఆరోగ్యానికి ముప్పు లాంటి సందర్భాల్లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టాలు ఉండాలని తీర్మానించింది. రెండు నెలలకు మన పార్లమెంటు గర్భవిచ్ఛిత్తి చట్టం చేసింది. శాంతిలాల్ షా కమిటీ సిఫార్సుల మీద వచ్చిన ఆ చట్టం 1972 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతి కింద నేరంగా ఉన్నదాన్ని కొన్ని షరతులతో వైద్యుడి చేతికి ఇచ్చింది. దక్షిణ బాప్టిస్టులు తర్వాతి దశాబ్దంలో పూర్తిగా కఠిన వైఖరికి మారారు. ఫోన్లలో మనవాళ్ళు వినే చాలా ప్రసంగాల వెనుక ఉన్నది ఆ తర్వాతి అమెరికా వాదమే. అది అబద్ధమని నేను అనను. కానీ అది అక్కడి రాజకీయాల్లో రాటుదేలిన వాదం. పేదరికం, వరకట్నం, ఆడపిల్ల అని తేలగానే బిగుసుకునే అత్తవారి ముఖాలు అందులో ఉండవు. 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం వచ్చినప్పుడు మన వేదికలు అంత గట్టిగా మోగి ఉండవలసింది.

హ్యూమనే వీటేకు సరిగ్గా పదేళ్ళు నిండిన రోజున, 1978 జూలై 25న, ఇంగ్లండులో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు లూయీస్ బ్రౌన్ పుట్టింది. అక్టోబర్ 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతి మీదుగా మన దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు దుర్గ పుట్టింది. అంతవరకు గర్భంలో దాగి ఉన్న పిండం గాజుపాత్రలో కంటికి కనిపించింది. లూయీస్ పుట్టినప్పుడు, కొద్ది వారాల్లో మొదటి జాన్ పాల్ పోపు కాబోతున్న కార్డినల్ లూచియానీ ఆ పసిపాపకు శుభాకాంక్షలు చెప్పి, తల్లిదండ్రులను ఖండించే హక్కు తనకు లేదన్నాడు. పద్ధతి మీద సందేహాలు మాత్రం దాచుకోలేదు. 1984లో బ్రిటన్ వార్నాక్ కమిటీ పిండాల మీద పరిశోధనకు ఫలదీకరణ నుంచి 14 రోజుల హద్దు గీసింది. 1987లో వాటికన్ దంపతుల కలయికకు బయట బిడ్డను సృష్టించే పద్ధతిని తిరస్కరించింది. 2008లో వాటికన్ వెలువరించిన పత్రం గడ్డకట్టించిన పిండాల దగ్గరికి వచ్చి ఇది నిజానికి పరిష్కరించలేని అన్యాయ స్థితి అని ఒప్పుకుంది. వాటిని వేరే దంపతులు దత్తత తీసుకోవడంలో మంచి ఉద్దేశం ఉన్నా చిక్కులున్నాయని చెప్పింది. ఇంత కఠినమైన సంఘం ఇంత నిజాయితీగా దారి లేదని చెప్పడం నన్ను కదిలించింది.

ప్రొటెస్టెంటుల్లో అందరిదీ ఒకే మాట కాదు. అయినా ఐవీఎఫ్‌ను అంగీకరించే సువార్తిక బోధకుల్లో చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: గర్భంలో ప్రవేశపెట్టడానికి సిద్ధపడినన్ని అండాలనే ఫలదీకరణ చేయించండి. మిగిలిన అండాలను అండాలుగానే గడ్డకట్టించవచ్చు. దీనివల్ల విజయావకాశం కొంత తగ్గవచ్చు, మళ్ళీ ప్రయత్నించవలసి వస్తే ఖర్చు పెరగవచ్చు. ఎకరం అమ్మి చికిత్సకు వచ్చిన ఇంటికి అది చిన్న సంగతి కాదు. అందుకే ఈ మాట ప్రార్థన కోసం వచ్చినప్పుడే, దంపతులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. అండాలు తీసే రోజు కేంద్రంలో కాగితాలు ముందు పెట్టాక ఆలోచించడానికి వాళ్ళకు సమయం ఉండదు.