నదియా కొమనేచి, పర్ఫెక్ట్ 10: అపోహలు – వాస్తవాలు

జిమ్నాస్టిక్స్ నేర్పే చోట నదియా కొమనేచి పేరు వినపడని రోజు ఉండదు. పేరు వెంటే ‘పది’ (అప్పట్లో ఒక రొటీన్‌కి ఇచ్చే గరిష్ఠ మార్కు) వస్తుంది, ఆ పది వెంటే బోలెడు కబుర్లు. వాటిలో చాలావరకు సగం నిజాలే. రొమేనియా అమ్మాయి ఒకరు పదేళ్ళకు పైగా ఆడిన ఆటంతా ఆ కబుర్లలో పడి ఒక్క బార్స్ రొటీన్‌గా (ఎత్తు తేడా ఉన్న రెండు కడ్డీల మీద చేసే విన్యాసాల వరసగా) మిగిలిపోయింది. పైగా పిల్లల్ని హాల్లో చేర్పించే తల్లిదండ్రులు ఆ కబుర్లనే నమ్ముకుని వస్తారు. అందుకే ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

అపోహ: జిమ్నాస్టిక్స్‌లో మొట్టమొదటి 10 నదియాదే.

ఒలింపిక్స్ మహిళల జిమ్నాస్టిక్స్ వరకే ఇది నిజం. 1967లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్‌లోనే చెకొస్లొవేకియా క్రీడాకారిణి వేరా చాస్లావ్‌స్కా 10 తెచ్చుకుంది. నదియాకి కూడా 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో వచ్చింది మొదటిది కాదు. నాలుగు నెలల ముందు, 1976 మార్చిలో న్యూయార్క్‌లో జరిగిన అమెరికన్ కప్‌లోనే ఆమెకు 10 పడింది. మాంట్రియల్‌లో ఆమె ఒక్కతే 10 సాధించిందన్నదీ తప్పే. అక్కడ నదియాకి ఏడు వచ్చాయి, బార్స్ మీద నాలుగు, బీమ్ (సన్నని దూలం) మీద మూడు. సోవియట్ జట్టు అమ్మాయి నెల్లీ కిమ్‌కి వాల్ట్‌లో (పరుగెత్తి వచ్చి దూకే విభాగం) ఒకటి, ఫ్లోర్‌లో (నేల మీది విన్యాసాలు) ఒకటి వచ్చాయి. నెల్లీ పేరు చెప్పకుండా మాంట్రియల్ గురించి మాట్లాడటం ఆమెకు అన్యాయం చేయడమే.

అపోహ: ఎవరూ చేయలేని విన్యాసం చేసింది కాబట్టి 10 ఇచ్చారు.

అన్నిటికంటే ఎక్కువ చేటు చేసే అపోహ ఇదే. 1976 జూలై 18న పడిన ఆ మొదటి 10 కంపల్సరీ రౌండ్‌లోది. కంపల్సరీ అంటే అంతర్జాతీయ సమాఖ్య ముందుగానే ఖరారు చేసి ఇచ్చిన రొటీన్. నదియా చేసిందీ, అట్టడుగున నిలిచిన అమ్మాయి చేసిందీ అదే వరస. సొంతంగా ఒక్క విన్యాసం కూడా కలపడానికి వీల్లేదు. అందరూ చేసినదాన్నే చేసి, తగ్గించడానికి జడ్జీలకు ఏమీ దొరకనివ్వలేదు. ఆ 10కి అర్థం అదే.

తగ్గించడమంటే ఏమిటో బార్స్‌లో మొదట నేర్పే కిప్‌తో చెప్తే తేలిగ్గా తెలుస్తుంది. బార్ పట్టుకుని శరీరాన్ని ముందుకు జారనిస్తారు. ఒళ్ళంతా పూర్తిగా సాగాక కాలి మునివేళ్ళను బార్ దగ్గరికి తెచ్చి, ప్యాంటు తొడుక్కున్నట్టు బార్‌ని కాళ్ళ మీదుగా నడుము దాకా లాక్కుంటూ పైకి లేస్తారు. చూడ్డానికి ఇంతే. ముందుకు జారేటప్పుడు పొట్ట బిగించకపోతే మడమలు నేలను రాస్తాయి. పూర్తిగా సాగకముందే కాళ్ళు ఎత్తేస్తే ఊపు చాలదు, ఆ లోటు పూడ్చుకోవడానికి మోకాళ్ళు వంగుతాయి. పైకి లేచే క్షణంలో మణికట్టు బార్ మీదికి తిరగకపోతే మోచేతులు వంగుతాయి. ఒక్క కిప్‌లోనే మూడు చోట్ల మార్కు పోయే వీలుంది. రొటీన్‌లో కిప్ ఒక్కసారితో అయిపోదు. కాళ్ళ మధ్య సందు, వంగిన మునివేళ్ళు, హ్యాండ్‌స్టాండ్‌లో వీపు విల్లులా వంగడం, దిగాక ఒక అడుగు జరగడం, అన్నీ లెక్కలోకే వస్తాయి. ఇవేవీ లేకుండా రొటీన్ ముగించడం ఒక్కరోజు అద్భుతంతో అయ్యే పని కాదు. అదే కిప్‌ని వేలసార్లు చేసిన ఒంటికే అది వస్తుంది.

ఇంకో సంగతి. అప్పట్లో నలుగురు జడ్జీలు మార్కులు వేసేవారు. అన్నిటికంటే ఎక్కువది, అన్నిటికంటే తక్కువది తీసేసి మధ్యలోని రెండింటి సగటు ఇచ్చేవారు. అంటే ఒక జడ్జి 9.9 వేసినా బోర్డు మీద 10 పడొచ్చు. ‘నలుగురికీ ఒక్క తప్పూ కనపడలేదు’ అని ప్రతి 10 గురించీ చెప్పలేం.

ఫైనల్స్ లెక్క తెలిస్తే ఆ కంపల్సరీ మార్కు విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. టీమ్ పోటీలో కంపల్సరీ, ఆప్షనల్ (సొంతంగా కూర్చుకున్న రొటీన్) రౌండ్ల సగటుకు ఫైనల్ మార్కు కలిపేవారు. బార్స్‌లో నదియాకి 10, 10, మళ్ళీ ఫైనల్‌లో 10, కలిపితే 20.000. బీమ్‌లో కంపల్సరీకి 9.90, ఆప్షనల్‌కి 10. సగటు 9.95, ఫైనల్ 10, మొత్తం 19.950. ఆ బీమ్ స్వర్ణంలో లోపించిన 0.05 కంపల్సరీలో పోయినదే.

అపోహ: 10 రాగానే స్కోర్‌బోర్డు చెడిపోయింది.

చెడిపోలేదు. బోర్డులో మూడు అంకెలకే చోటుంది కాబట్టి 1.00 అని చూపించింది, అంతే.

అపోహ: మాంట్రియల్‌లో నదియా అన్నీ గెలిచేసింది.

ఆల్‌రౌండ్ (నాలుగు విభాగాల మార్కులూ కలిపి తేల్చేది), బార్స్, బీమ్ స్వర్ణాలు ఆమెవే. టీమ్ స్వర్ణం సోవియట్లకు పోయింది, రొమేనియాకి రజతం. ఫ్లోర్‌లో నదియాకి కాంస్యం. వాల్ట్‌లో నాలుగో స్థానం, పతకం లేదు. ఆల్‌రౌండ్‌లో ఆమె 79.275, నెల్లీ కిమ్ 78.675, లుద్మిలా తురిషెవా 78.625. గరిష్ఠం 80 ఉన్న పోటీలో రెండు, మూడు స్థానాల మధ్య తేడా 0.05 ఉంటే ఒకటి, రెండు స్థానాల మధ్య తేడా 0.6. ఆమె ఆధిపత్యం ఎంతటిదో తెలియాలంటే ఏడు పదుల కంటే ఈ 0.6 చూడాలి.

అపోహ: బడి ఆవరణలో పిల్లిమొగ్గలు వేస్తుంటే కోచ్ కంటపడింది, అంతకుముందు జిమ్నాస్టిక్స్ తెలియదు.

బేలా కరోయీ కంటపడింది బడిలోనే. అయితే ఓనెష్ట్ పట్టణంలో కిండర్‌గార్టెన్ వయసులోనే ఫ్లకార అనే స్థానిక జట్టులో ఆమె ఆట మొదలుపెట్టేసింది. బేలా, మార్తా కరోయీ దంపతుల చేతికి వచ్చేనాటికి పునాది పడి ఉంది. 1969 జాతీయ జూనియర్ పోటీల్లో ఆమెది 13వ స్థానం. 1975లో నార్వేలోని షీన్‌లో యూరోపియన్ ఆల్‌రౌండ్ టైటిల్ గెలిచేసరికి ఆమెకు పదమూడేళ్ళు. మాంట్రియల్‌లో ఆమెను చూసి ప్రపంచం ఆశ్చర్యపోయింది కానీ, షీన్ చూసినవాళ్ళకి అందులో ఆశ్చర్యం లేదు.

ఈనాటి నిబంధనల ప్రకారం ఆమె మాంట్రియల్‌లో ఆడగలిగేదే కాదు. ఇప్పుడు పోటీ జరిగే సంవత్సరంలో 16 నిండాలి. 1961 నవంబర్‌లో పుట్టిన అమ్మాయికి 1976లో నిండేది 15.

అపోహ: పద్నాలుగేళ్ళకే శిఖరం, తర్వాతంతా దిగజారుడే.

అసలు గొప్ప ఆట ఆ తర్వాతే ఉందని మా గట్టి అభిప్రాయం.

మాంట్రియల్‌లో ఆమె ఎత్తు సుమారు 150 సెంటీమీటర్లు, బరువు 39 కిలోలు. పెద్దయ్యాక ఎత్తు 160 దాటింది. పది సెంటీమీటర్లేగా అనిపించవచ్చు. బార్స్ మీద మాత్రం అది మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవడమే. ఆ రోజుల్లో రెండు బార్లూ దగ్గరగా ఉండేవి. పై బార్ పట్టుకుని ఊగివచ్చి, కింది బార్‌కి తుంటి దగ్గర తగిలి, ఆ ఊపుతో ఒళ్ళు బార్‌కి చుట్టుకుని తిరిగేది. తగలాల్సింది సరిగ్గా తొడ మడిచే చోట. చేతులు, మొండెం పొడవు పెరిగితే అదే బార్ వచ్చి పొట్టకి తగులుతుంది. నొప్పి సంగతి పక్కనపెట్టినా, అక్కడ తగిలితే ఒళ్ళు మడతపడదు, ఊపు చచ్చిపోతుంది. బార్ల ఎడం పెంచితే ఆ ఎడానికి అలవాటుపడిన ప్రతి పట్టూ, ప్రతి వదులూ మారిపోతాయి. గాల్లో చేసే మొగ్గల్లోనూ అంతే, పొడవాటి శరీరం అదే ఊపుకి నెమ్మదిగా తిరుగుతుంది.

దీనికితోడు 1977లో ఆమెను కరోయీల దగ్గరనుంచి విడదీసి బుఖారెస్ట్‌కి పంపారు. 1978లో స్ట్రాస్‌బర్గ్ ప్రపంచ పోటీల్లో బార్స్ మీదనుంచి పడింది, ఆల్‌రౌండ్‌లో నాలుగో స్థానం. ‘పని అయిపోయింది’ అని రాసినవాళ్ళు అక్కడే ఆగిపోయారు. అదే పోటీలో బీమ్ స్వర్ణం ఆమెదేనన్న సంగతి చెప్పరు. మరుసటి ఏడాది కోపెన్‌హాగన్‌లో 1975, 1977ల తర్వాత వరసగా మూడో యూరోపియన్ ఆల్‌రౌండ్ టైటిల్ గెలిచింది. ఆడవాళ్ళలో గానీ మగవాళ్ళలో గానీ అంతకుముందు అది ఎవరివల్లా కాలేదు.

అదే 1979లో అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో ప్రపంచ పోటీలు. కంపల్సరీలు అయ్యేసరికి ఆమెదే ఆధిక్యం. గ్రిప్‌కి (అరచేతికి తొడిగే తోలు పట్టీకి) ఉండే లోహపు బకిల్ మణికట్టుని కోసి, ఆ పుండు ముదిరి రక్తం విషపూరితమై ఆసుపత్రిలో చేరింది. అయినా డాక్టర్లు వద్దన్నా వచ్చి బీమ్ ఎక్కి 9.95 తెచ్చుకుంది. రొమేనియాకి తొలి ప్రపంచ టీమ్ స్వర్ణం అలా వచ్చింది. ధైర్యానికి దండం పెట్టాల్సిందే, కానీ పిల్లలకి ఆదర్శంగా చూపాల్సిన పని కాదది.

వాళ్ళకి నేర్పాల్సింది గ్రిప్ వేసుకునే పద్ధతి. ముందు మణికట్టుకి నూలు రిస్ట్‌బ్యాండ్ తొడగాలి, దాని మీదే గ్రిప్ పట్టీ. బకిల్ చర్మాన్ని నేరుగా తాకకూడదు. బకిల్ చేతి వెనకవైపు ఉండాలి, లోపలివైపు కాదు. పట్టీ చివర వేలాడకుండా లోపలికి దోపాలి. వారానికోసారి బకిల్ అంచుని వేలితో తడిమి చూడాలి, గరుకు తగిలితే మార్చేయాలి. ఒకరి గ్రిప్స్ ఇంకొకరికి ఇవ్వొద్దు. చేతులకు రాసుకునే చాక్ పొడి చర్మాన్ని ఎండబెట్టి పగలగొడుతుంది కాబట్టి ప్రాక్టీస్ అయ్యాక చేతులు సబ్బుతో కడిగి కాస్త నూనె రాయాలి. గాయం చుట్టూ ఎరుపు పాకుతున్నా, వేడిగా ఉన్నా, జ్వరం తగిలినా ఆ రోజు బార్ ముట్టకూడదు, నేరుగా డాక్టర్ దగ్గరికే.

అపోహ: 1980 మాస్కో ఒలింపిక్స్‌లో ఆమె పని అయిపోయింది.

టీమ్ పోటీలో బార్స్ మీదనుంచి పడి కూడా ఆల్‌రౌండ్ రజతం తెచ్చుకుంది. పడితే అప్పట్లో 0.5 పోయేది, ఇప్పుడైతే 1.0. ఆఖరున బీమ్ మీద 9.95 వస్తే స్వర్ణం ఆమెదే. జడ్జీల మధ్య 28 నిమిషాల వాదన నడిచి చివరికి 9.85 పడింది. స్వర్ణం గెలిచిన సోవియట్ అమ్మాయి యెలెనా దవిదోవా 79.150; నదియా, తూర్పు జర్మనీ అమ్మాయి మాక్సి గ్నౌక్ ఇద్దరూ 79.075. తర్వాత బీమ్ స్వర్ణం నదియాదే. ఫ్లోర్ స్వర్ణం మళ్ళీ ఆ నెల్లీ కిమ్‌తోనే పంచుకుంది. రెండు ఒలింపిక్స్ కలిపి 5 స్వర్ణాలు, 3 రజతాలు, 1 కాంస్యం.

అపోహ: 1981లో కోచ్‌లతో కలిసి అమెరికాలో ఉండిపోయింది.

ఆ ఏడాది పర్యటనలో అక్కడే ఉండిపోయింది కరోయీ దంపతులు, కొరియోగ్రాఫర్ గేజా పోజార్. నదియా వెనక్కి వెళ్ళింది. 1984లో బుఖారెస్ట్‌లో అధికారికంగా ఆటకు వీడ్కోలు పలికింది. సరిహద్దు దాటింది 1989 నవంబర్‌లో, రాత్రిపూట కాలినడకన హంగరీలోకి. రొమేనియా నియంత చౌషెస్కు పాలన కూలడానికి అప్పటికి కొన్ని వారాలే ఉంది.

అపోహ: తిండి తగ్గించి, కఠినంగా ఉంటేనే అలాంటి ఛాంపియన్లు తయారవుతారు.

ఆనాటి రొమేనియా జట్టులో తిండి మీద కట్టడి, కాఠిన్యం ఉన్నాయని అందులో ఆడినవాళ్ళే తర్వాత చెప్పారు. దాన్ని విజయ రహస్యంగా చూడటం తప్పు. ఎదిగే పిల్ల చేసే వ్యాయామానికి సరిపడా తినకపోతే నెలసరి ఆలస్యమవుతుంది, ఎముక పలచబడుతుంది, పదేపదే దూకే కాళ్ళలో, నడుములో సన్న పగుళ్ళు వస్తాయి. నొప్పి అంటే బద్ధకమని కొట్టిపారేసే హాల్లో ఆ పగుళ్ళు బయటపడేది ఎముక పూర్తిగా విరిగాకే. జిమ్నాస్టిక్స్ చేస్తే పొట్టిగా ఉండిపోతారన్న భయం మాత్రం అక్కర్లేదు. పొట్టివాళ్ళకి ఈ ఆటలో వీలు ఎక్కువ కాబట్టి పైదాకా వచ్చేవాళ్ళలో వాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. నదియా ఎంత ఎదిగిందో పైన చెప్పుకున్నాం.

అపోహ: ఇప్పటి పిల్లలకి ఎవరికీ 10 రావడం లేదంటే ఆట పడిపోయింది.

2006లో కొలమానమే మారిపోయింది. ఇప్పుడు విన్యాసం ఎంత కష్టమైనదో దాన్నిబట్టి ఒక మార్కు, 10 నుంచి తప్పులు తీసేసి ఇంకో మార్కు, రెండూ కలిపితే స్కోరు. 2016 రియో ఒలింపిక్స్‌లో దీపా కర్మాకర్ చేసిన ప్రొడునోవా అనే వాల్ట్ చూడండి. కష్టానికి 7.000, చేసిన తీరుకి 8.266, మొత్తం 15.266. ఆమె చేసిన ఇంకో వాల్ట్‌తో కలిపి సగటు 15.066, నాలుగో స్థానం. 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణా రెడ్డి వాల్ట్ కాంస్యం తెచ్చిన స్కోరు 13.649. ఈ అంకెల్ని నదియా 10 పక్కన పెట్టి పోల్చడమంటే కిలోల్ని లీటర్లతో పోల్చడమే. కంపల్సరీ రౌండ్ 1996 తర్వాత లేనేలేదు కాబట్టి, అందరూ ఒకే రొటీన్ చేసి తేల్చుకునే పోటీ కూడా పోయింది.

అపోహ: నదియాతోనే రొమేనియా కథ ముగిసింది.

1976 నుంచి 2012 దాకా వరసగా పది ఒలింపిక్స్‌లో రొమేనియా మహిళల జట్టు టీమ్ పతకం తెచ్చింది. 1984, 2000, 2004లలో స్వర్ణమే. 1988 సియోల్‌లో డానియెలా సిలివాష్ కూడా ఏడు పదులు సాధించి నదియా లెక్కతో సమానమైంది. 1992 బార్సిలోనాలో ఫ్లోర్ ఫైనల్‌లో లవీనియా మిలొషొవిచ్‌కి 10 వచ్చింది, బార్స్‌లో చైనా అమ్మాయి లు లీకి 10 వచ్చింది. ఒలింపిక్స్ మహిళల ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్ బోర్డు మీద ఆ తర్వాత 10 పడలేదు.