పిల్ల వయసు ఏ రిజిస్టరులో ఉంది?

మన ఇళ్లలో పెద్దవాళ్ల పుట్టినరోజు అడిగితే చాలామంది చెప్పేది బడిలో వేసేటప్పుడు పంతులుగారు రాసిన తేదీ. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు మాత్రం బడికైనా, ఓటుకైనా, డ్రైవింగ్ లైసెన్సుకైనా బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. ఇంత ఆలస్యం ఎందుకైంది?

నిజానికి బ్రిటిష్ ప్రభుత్వం 1886లోనే జనన, మరణ, వివాహ రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. పేరు వింటే అందరి కోసమూ అనిపిస్తుంది. కానీ జనన మరణాల వరకు అది 1865 నాటి వారసత్వ చట్టం కిందికి వచ్చేవాళ్లకు (హిందువులు, ముస్లింలు అందులోకి రారు), క్రైస్తవులకు మాత్రమే. అదీ ఇష్టమున్నవాళ్లు రాయించుకోవచ్చు. ఆస్తి తగాదా కోర్టుకెక్కితే చూపించడానికి పనికొచ్చే కాగితం అది.

పెళ్లిళ్ల సంగతీ అంతే. పార్సీలకు 1865లో, క్రైస్తవులకు 1872లో చట్టాలొచ్చాయి. బ్రహ్మసమాజం వారి ప్రయత్నంతో అదే 1872లో వచ్చిన మూడో చట్టం కింద రిజిస్టరు పెళ్లి చేసుకోవాలంటే, తాము హిందువులం కామని రాసివ్వాలి. మామూలు తెలుగింటి పెళ్లి ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

ఊళ్లలో రాత అసలే లేదని కాదు. కలరా, మశూచి ఎక్కడ పుట్టిందో సర్కారుకు తెలియాలి కాబట్టి గ్రామాధికారులు చావుల లెక్క రాసేవారు. కారణం తెలియని చావులెన్నో ‘జ్వరం’ కిందే చేరిపోయేవి. 1899 మద్రాసు చట్టం, ప్రకటించిన ప్రాంతాల్లో జనన మరణాల నమోదును తప్పనిసరి చేసింది. అందులోనూ పెళ్లిళ్లు లేవు.

ఆ లోటు ఎంతటిదో 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ పీఠిక చెబుతుంది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు ఎన్నో తెలుసుకోవడానికి విజయనగరం మహారాజు ప్రత్యేకంగా జాబితా రాయించాల్సి వచ్చింది. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు. పెళ్లికూతుళ్లలో 99 మంది ఐదేళ్ల పిల్లలు. ముగ్గురికి ఏడాది వయసు. ఆయన రాయించకపోతే ఆ ముగ్గురూ ఉన్నట్టే మనకు తెలిసేది కాదు.

1891లో సమ్మతి వయసును, అంటే అంతకన్నా చిన్నపిల్లతో భర్తయినా సరే శారీరక సంబంధం పెట్టుకుంటే నేరమయ్యే వయసును, 10 నుంచి 12కు పెంచారు. 1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి 14 ఏళ్లు నిండాలంది. రెండూ వయసు మీదే నిలబడ్డ చట్టాలు. మరి పిల్లకు ఎన్నేళ్లో ఎవరు చెప్పాలి? జాతకం, ఇంటి పెద్దల జ్ఞాపకం. ఆ రెండూ పెళ్లి చేసినవాళ్ల చేతిలోనే ఉండేవి.

1969లో దేశమంతటికీ ఒకే జనన మరణాల నమోదు చట్టం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లి రిజిస్ట్రేషన్ అందరికీ తప్పనిసరి కావడానికి మాత్రం 2002 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.