నాన్న లేకుండా పిండం ఎదగదు, మరి బిడ్డ?

"పెళ్లి చేసుకోని మహిళ దాత వీర్యంతో బిడ్డను కంటే, ఆ బిడ్డకు తండ్రి లోటు ఉండదా?" అని ఒక పాఠకురాలు అడిగారు. బ్రిటన్‌లో ఈ ప్రశ్న ఏకంగా చట్టంలోకే ఎక్కింది. సంతాన చికిత్స ఇచ్చే ముందు పుట్టబోయే బిడ్డ బాగోగులు ఆలోచించాలనీ, ఆ బిడ్డకు తండ్రి అవసరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలనీ 1990లో చేసిన చట్టం క్లినిక్‌లకు చెప్పింది. 2008లో పార్లమెంటు ఆ మాట తీసేసి, అండగా నిలిచే పెంపకం అవసరమని రాసింది. ఆ మార్పు సరైనదేనని నా నమ్మకం. కానీ తండ్రి నిజంగానే తప్పనిసరి అయిన చోటు ఒకటుంది. అది కణం లోపల.

తల్లి నుంచి 23 క్రోమోజోములు, తండ్రి నుంచి 23, సగం సగం అని చెప్పి బడిలో పాఠం ముగించేస్తారు. అద్భుతమంతా అక్కడే మొదలవుతుంది, పిల్లలకు అది చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది. 1984లో మెక్‌గ్రాత్, సోల్టర్ అనే శాస్త్రవేత్తలు ఒకవైపు, సురానీ అనే శాస్త్రవేత్త బృందం మరోవైపు చిట్టెలుక పిండాల్లో కేంద్రకాలు మార్చి చూశారు. రెండు సగాలూ తల్లివే అయితే, పిండానికి పోషణ అందించే మాయ (ప్లాసెంటా) సరిగా ఎదగక పిండం చచ్చిపోయింది. రెండూ తండ్రివే అయితే మాయకు సంబంధించిన కణాలు పెరిగాయి గానీ పిండం నిలవలేదు. మనుషుల్లో డాక్టర్లు ముత్యాల గర్భం అనేదీ ఇలాంటిదే. అందులో పూర్తి రకానికి కేంద్రకంలోని జన్యువులన్నీ సాధారణంగా తండ్రివే. గర్భసంచి నిండా ద్రాక్షగుత్తిలా నీటి బుడగలు ఉంటాయి, బిడ్డ ఉండదు.

ఎందుకిలా? 11వ క్రోమోజోము మీద ఐజీఎఫ్2 అనే జన్యువు ఉంది. కడుపులో బిడ్డ పెరగడానికి అది కావాలి. దాని పక్కనే హెచ్19 అనే మరో జన్యువు. ఈ రెంటినీ నడిపించే డీఎన్ఏ భాగాలు హెచ్19కు అవతల ఉన్నాయి. వాటిని సరుకు లారీ అనుకోండి. దారిలో ముందు హెచ్19 తగులుతుంది, తర్వాత ఒక రైల్వే గేటు, గేటు దాటాక ఐజీఎఫ్2. తల్లి నుంచి వచ్చిన క్రోమోజోము మీద సీటీసీఎఫ్ అనే ప్రోటీను ఆ గేటు వేసేస్తుంది. లారీ ముందుకు కదల్లేదు, సరుకంతా హెచ్19 దగ్గరే దిగిపోతుంది. తండ్రి క్రోమోజోము మీద గేటు ఉన్నచోట మిథైల్ గుంపులు అనే చిన్న రసాయన ముద్రలు అతుక్కుని ఉంటాయి. సీటీసీఎఫ్ అక్కడ పట్టు దొరకక గేటు వేయలేదు. హెచ్19కు తాళం పడుతుంది, లారీ నేరుగా ఐజీఎఫ్2కు చేరుతుంది. రెండు చోట్లా డీఎన్ఏ అక్షరాలు అచ్చంగా ఒకటే కావచ్చు. తేడా అంతా, వీర్యకణం తయారయ్యేటప్పుడు పడిన ఆ మిథైల్ ముద్రలో ఉంది.

రెండు అండాలను కలిపితే రెండు గేట్లూ పడి ఉంటాయి. 2004లో జపాన్‌లో టొమొహిరో కోనో బృందం చేసిన పని ఇక్కడ అర్థమవుతుంది. ఒక అండాన్ని, తల్లి ముద్రలు ఇంకా పడని దశలో, అప్పుడే పుట్టిన చిట్టెలుక నుంచి తీసుకున్నారు. ఆ చిట్టెలుకలో గేటునూ పక్కనున్న హెచ్19నూ ముందే పీకేశారు. లారీకి దారి దొరికింది! వందల ప్రయత్నాల మీద తండ్రి లేని ఒక చిట్టెలుక బతికి పెద్దదై, పిల్లల్ని కూడా కన్నది. దానికి కగూయా అని పేరు పెట్టారు.

దాత వీర్యంతో పుట్టే బిడ్డకు ఈ ముద్రలన్నీ మామూలుగానే అందుతాయి. వీర్యం దాతది అయినంత మాత్రాన బిడ్డలో ఏదో తక్కువ ఉంటుందనే అపోహకు ఇందులో ఆధారమేమీ లేదు. తండ్రి జన్యువుల పని దాత పూర్తి చేసేశాడు. మిగిలింది ఇంట్లో తండ్రి సంగతి.

తండ్రి లేని పిల్లలు వెనకబడతారని చెప్పే పాత అధ్యయనాలు ఎక్కువగా విడాకులైన ఇళ్లను చూసినవి. ఆ పిల్లలు తల్లిదండ్రుల గొడవలు చూశారు, ఇంటి ఆదాయం పడిపోవడం చూశారు, అలవాటైన మనిషి దూరం కావడం చూశారు. వీటిలో ఏది ఎంత దెబ్బ కొట్టిందో విడదీయకుండా నేరం మొత్తం తండ్రి లేకపోవడం మీదికి నెట్టడం సైన్స్ కాదు. దాత వీర్యంతో బిడ్డను కన్న ఒంటరి తల్లుల ఇళ్లలో ఆ విడిపోవడమే జరగలేదు. అందుకే కేంబ్రిడ్జ్‌లో సుసాన్ గోలంబాక్ బృందం ఏళ్ల తరబడి ఇలాంటి కుటుంబాలను గమనించింది. ఇద్దరు తల్లులున్న ఇళ్లనూ చూసింది. పిల్లల మానసిక ఆరోగ్యంలో ఇద్దరు తల్లిదండ్రుల ఇళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా వచ్చిన చోట కారణం డబ్బు ఇబ్బంది, తల్లి పడే టెన్షన్, తల్లీబిడ్డల మధ్య సంబంధం వంటివే. మంచి తండ్రి ఉంటే బిడ్డకు మేలే, అందులో వాదన లేదు. ఆ మేలు మగవాడు మాత్రమే చేయగలడనే దానికే రుజువు లేదు.

పిల్లలు అడిగేది వేరే ఉంటుంది: "నేను ఎవరి నుంచి వచ్చాను?" ఇది పెంపకం లోటు కాదు, తెలుసుకోవాలనే కోరిక. చిన్నప్పుడే, ఏడేళ్ల లోపు, నిజం చెప్పిన ఇళ్లలో తల్లీబిడ్డల సంబంధాలు మెరుగ్గా ఉన్నాయని అదే బృందం గుర్తించింది. దాచిపెట్టి, పెద్దయ్యాక డీఎన్ఏ పరీక్షలో బయటపడితే ఆ దెబ్బ వేరు. బ్రిటన్ 2005 ఏప్రిల్ 1 నుంచి దాతల అజ్ఞాతాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత నమోదైన దాతల ద్వారా పుట్టినవాళ్లు 16 ఏళ్లకు దాత రూపురేఖల వంటి వివరాలు, 18 నిండాక పేరు, చివరిసారి నమోదైన చిరునామా అడిగి తెలుసుకోవచ్చు. అడగాలా వద్దా అన్నది తల్లి ఇష్టం కాదు, ఆ బిడ్డ ఇష్టం.