బోర్డు మీద ఇంగ్లీషు, నోట్లో తెలుగు

పిల్లలూ,

ఫోన్లో దారి చెప్పే గొంతు కదిరిని ‘కడిరి’ అంటోందని నవ్వుకున్నారట. పాపం, దాని తప్పేం లేదు. ఇంగ్లీషులో ద కీ డ కీ ఒకటే అక్షరం. నరసింహస్వామి గుడి ఉన్న కదిరి, మొక్కల నర్సరీల కడియం తెలుగులో రాస్తే వేరువేరుగా కనిపిస్తాయి. ఇంగ్లీషులో మొదటి నాలుగు అక్షరాలూ ఒకటే! తణుకులో ణ కూడా అలాగే మాయమైపోతుంది.

దొరల కాలంలో ఎవరి చెవికి తోచినట్టు వాళ్లు స్పెల్లింగు రాసేశారు. నెల్లూరు, గుంటూరు, చిత్తూరు మూడూ ‘ఊరు’తోనే ముగుస్తాయి కదా. ఇంగ్లీషులో మాత్రం ఒకదానికి చివర ‘ఓ ఆర్ ఈ’, ఒకదానికి ‘యు ఆర్’, ఇంకోదానికి రెండు ఓలూ ఒక ఆరూ. అందుకే బయటివాళ్లు ‘నెల్లోర్’ అంటారు. ఏలూరు కూడా ఒకప్పుడు ‘ఎల్లోర్’గానే ఉండేది. కడపకి 2005లో గానీ సరైన స్పెల్లింగు దక్కలేదు. రైలు టికెట్టు మీద విజయవాడ కోడ్ చూడండి, ఇప్పటికీ ‘బి జెడ్ ఏ’. అంటే బెజవాడే!

ఎర్రగుంట్లకి ముందు ‘వై’, ఒంటిమిట్టకి ముందు ‘వి’ ఎక్కణ్ణించి వచ్చాయంటారా? మన నోట్లోంచే. ‘ఎవరు’ని యెవరు అనీ, ‘ఒకటి’ని వొకటి అనీ పలుకుతాం కదా. ఒంగోలుకి మాత్రం ఆ ‘వి’ తగిలించలేదు.

నాకు బాగా ఇష్టమైన బోర్డు చుండూరుది. తెనాలి దాటాక చెన్నై వైపు వస్తుంది. ఇంగ్లీషులో ‘టి ఎస్’తో మొదలవుతుంది. చదివి ఇదేదో చైనా పేరనుకుంటారేమో! అలా రాసినవాడి చెవి మహా చురుకైనది. ఒకసారి ‘చెయ్యి’ అనండి, తర్వాత ‘చల్ల’ అనండి. రెండోసారి నాలుక పళ్ల దగ్గరికి వచ్చేస్తుంది. చీరాలలో ఉన్నది మొదటి చ, చుండూరులో ఉన్నది రెండోది. పాత నిఘంటువుల్లో ఈ రెండో చ మీద చిన్న గుర్తు పెట్టేవాళ్లు. ఇప్పుడు రెండింటికీ ఒకే అక్షరం రాస్తున్నాం, పలకడం పెద్దవాళ్ల నోట విని నేర్చుకోవలసిందే. చల్లపల్లిలోనూ ఇదే చ, కానీ దానికి ఇంగ్లీషులో మామూలు ‘సి హెచ్’ పెట్టి వదిలేశారు.

సెలవులకి వచ్చేటప్పుడు స్టేషన్ బోర్డుల మీద ముందు తెలుగు చదవండి. చుండూరులో మాత్రం రెండూ చదవండి.

మీ తాతయ్య