బల్బు పగలగొట్టి చూపించిన రోజు

1881 డిసెంబర్ 28. లండన్‌లోని సవాయ్ థియేటర్‌లో యజమాని రిచర్డ్ డాయ్లీ కార్ట్ స్టేజీ మీదికి వచ్చాడు. చేతిలో వెలుగుతున్న కరెంటు బల్బు ఉంది. ఇట్టే అంటుకునే పల్చటి మస్లిన్ గుడ్డను దానికి చుట్టి, అందరూ చూస్తుండగా పగలగొట్టాడు. దీపం ఆరిపోయింది. గుడ్డ విప్పి చూపిస్తే ఎక్కడా కమిలిన మచ్చ కూడా లేదు.

బల్బు పగిలితే మంటలు రావని అలా నమ్మించాల్సి వచ్చిందంటే, అప్పుడు జనం ఎంత భయం మీద ఉన్నారో చూడండి. సరిగ్గా 20 రోజుల ముందు, డిసెంబర్ 8న, వియన్నాలో రింగ్ థియేటర్ తగలబడింది. ప్రదర్శన మొదలయ్యే ముందు స్టేజీ మీది గ్యాస్ దీపాలు వెలిగిస్తుండగా మంట లేచింది. గ్యాస్ ఆపేయడంతో లోపలంతా కటిక చీకటి. పై గ్యాలరీల్లో ఉన్నవాళ్లకు దారి కనపడలేదు. అధికారిక లెక్క ప్రకారమే 384 మంది చనిపోయారు. నాటకం చూద్దామని ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని వచ్చిన మామూలు జనం వాళ్లు.

గ్యాస్‌తో మంటల భయం ఒక్కటే కాదు. వందల జ్వాలలు ఒకేసారి మండుతుంటే హాల్లో గాలి వేడెక్కిపోయేది, ఊపిరాడేది కాదు. తెరలు, రంగుల గుడ్డలు, చెక్క, తాళ్లు అన్నీ ఆ జ్వాలల పక్కనే ఉండేవి.

కరెంటు అప్పటికే రంగస్థలం ఎక్కింది. కాకపోతే ఒక వింతగా వచ్చింది. 1849లో ప్యారిస్ ఒపేరాలో మేయర్‌బీర్ సంగీతం కూర్చిన 'లె ప్రొఫెట్' అనే సంగీత నాటకం ఆడినప్పుడు, స్టేజీ మీద సూర్యోదయం చూపించడానికి ఆర్క్ దీపం వాడారు. రెండు కార్బన్ కడ్డీల మధ్య సన్నని సందులో కరెంటు దూకి కళ్లు చెదిరే తెల్లటి వెలుగు వస్తుంది. బ్యాటరీలతో నడిచేది. కడ్డీలు కాలిపోతూ ఉంటాయి కాబట్టి సందు పెరగకుండా ఎప్పటికప్పుడు దగ్గరికి జరపాలి. ఒక సూర్యుడికైతే సరిపోయింది గానీ, ఆ వెలుగును నెమ్మదిగా తగ్గించడం కుదరదు. నాటకమంతా నడపడానికి అది పనికిరాలేదు.

ఫ్రెంచ్ ఇంద్రజాలికుడు రాబర్ట్ హూడిన్ దగ్గర కరెంటు అసలు కనపడేదే కాదు. ఆయన చిన్న పెట్టె ఒకటి చూపించేవాడు. అడుగున ఇనుము, నేల కింద విద్యుదయస్కాంతం. కరెంటు ఇస్తే ఎంత బలవంతుడైనా దాన్ని లేపలేడు. 1856లో ఫ్రెంచ్ ప్రభుత్వం ఆయన్ని అల్జీరియా పంపి, అక్కడి మరబూత్‌లనే ముస్లిం మతపెద్దల పలుకుబడి తగ్గించడానికి ఈ ట్రిక్కు ఆడించింది. వినోదం కోసం పుట్టిన తెలివిని పాలకులు ఒక జాతిని భయపెట్టడానికి వాడుకున్నారని చదివితే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మళ్లీ సవాయ్‌కి వద్దాం. జోసెఫ్ స్వాన్ తయారుచేసిన దాదాపు 1,200 బల్బులతో ఆ థియేటర్ 1881 అక్టోబర్ 10న తెరుచుకుంది. అయితే మొదటి జనరేటర్ శక్తి చాలలేదు. ప్రేక్షకులు కూర్చునే వైపు మాత్రం బల్బులు వెలిగాయి, స్టేజీకి గ్యాసే దిక్కయింది. ఆ లోటు తీరిన రోజే డిసెంబర్ 28. ఈ బల్బుల అసలు గొప్పతనం స్టేజీ మీదే తెలిసింది. తీగలోకి వెళ్లే కరెంటును తగ్గిస్తే వెలుగు మెల్లగా దిగుతుంది. పగలు సాయంత్రమై, సాయంత్రం రాత్రిగా మారడాన్ని ఎక్కడా మంట లేకుండా చూపించొచ్చు.

మన దగ్గర వీధి భాగవతాలు అప్పటికింకా కాగడాల వెలుగులోనే ఆడేవి. పెట్రోమాక్స్ లైట్లు కూడా ఆ తర్వాతి మాటే.

మరుసటి ఏడాది, 1882 నవంబర్ 25న, సవాయ్‌లో 'అయొలాంతీ' అనే సంగీత నాటకం మొదలైంది. అందులో దేవకన్యల జడల్లో చిన్న చిన్న బల్బులు నక్షత్రాల్లా మెరిశాయి. వాటికి కరెంటిచ్చే బ్యాటరీలను ఆ అమ్మాయిలు తమ ఒంటిమీదే మోస్తూ, బరువు తెలియనీయకుండా ఆడి పాడారు.